జెట్ స్కీకి అడ్వాన్స్ ఇచ్చేముందు ఈ లెక్క ఒకసారి చూడు తమ్ముడూ

పూసపాటిరేగ దగ్గర నుంచి ఒక తమ్ముడు రాశాడు. గోవాలో వాడిన సెకండ్ హ్యాండ్ జెట్ స్కీ, అదే నీళ్ళ మీద తిరిగే స్కూటర్ లాంటి మెషిన్, 8 లక్షలకి వస్తోందట, చేతిలో 2 లక్షలున్నాయి, మిగతా 6 లక్షలు పర్సనల్ లోన్ తీసి చింతపల్లి బీచ్‌లో రైడ్స్ తిప్పుదామనుకుంటున్నాడు, ఎల్లుండి అడ్వాన్స్ 50 వేలు ఇవ్వమంటున్నారు, ఇవ్వొచ్చా అన్నయ్యా అని.

ఇవ్వకు. ఎల్లుండైతే అస్సలు ఇవ్వకు. ఎందుకో చెప్తాను.

ఏటంటే, జెట్ స్కీ అంటే బైకు కాదు, ఆర్టీఓ ఆఫీసుకెళ్ళి పేరు మార్పించుకుని వచ్చేయడానికి. చట్టం లెక్కలో అది ఇంజిన్ ఉన్న పడవ. నదులు, రిజర్వాయర్లు, కాలవల్లో తిప్పాలంటే 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ యాక్ట్ కిందకొస్తుంది, అంటే సర్వే చేయించి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవాలి, రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇన్సూరెన్స్ ఉండాలి, నడిపేవాడికి దానికి తగ్గ సర్టిఫికెట్ ఉండాలి, నీ బండి లైసెన్సు అక్కడ చెల్లదు. నువ్వు తిప్పేది సముద్రంలో కాబట్టి ఏపీ మారిటైమ్ బోర్డు, టూరిజం వాళ్ళు, కలెక్టరాఫీసు, మెరైన్ పోలీసులు, వీళ్ళందరి దగ్గరా కనుక్కోవాలి. తాటిపూడిలో వేద్దామనుకున్నా అది విశాఖకి తాగునీరిచ్చే రిజర్వాయర్, ఇరిగేషన్ వాళ్ళ పర్మిషన్ లేకుండా ఇంజిన్ దించనివ్వరు. 2019 సెప్టెంబర్‌లో గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగిపోయాక మన రాష్ట్రంలో పడవల మీద నిఘా బాగా పెరిగింది, పెరగాలి కూడా.

ఇప్పుడు కాగితాలు. ఇలాంటి మెషిన్లు మన దేశానికి ఎక్కువగా దిగుమతై వస్తాయి. కాబట్టి కస్టమ్స్ కట్టినట్టు చూపించే దిగుమతి కాగితం, బిల్ ఆఫ్ ఎంట్రీ, అడుగు, మొదటి బిల్లు అడుగు. మెషిన్ వెనక్కి వెళ్ళి వంగి చూడు, బాడీ మీద, మామూలుగా కుడివైపు, 12 అక్షరాలు, అంకెలు కలిపి ఒక నంబరు చెక్కి ఉంటుంది, దాన్నే హల్ నంబర్ అంటారు, హల్ అంటే పడవ బాడీ. ఆ నంబరూ ఇంజిన్ నంబరూ బిల్లుతో సరిపోవాలి, గీకేసి ఉంటే అక్కడి నుంచే వచ్చేయ్. నాకు తెలిసిన ఒకాయన ఇలాగే సెకండ్ హ్యాండ్ బోటు కొన్నాడు, మెషిన్ బాగుంది గానీ కాగితాలు ఇంకా మొదటి ఓనర్ పేరు మీదే ఉన్నాయి, ఇన్సూరెన్స్ కంపెనీ పాలసీ ఇవ్వనంది, రెండేళ్ళు టార్పాలిన్ కింద ఉండి చివరికి ఇనుము రేటుకి పోయింది. నాకది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సరే కాగితాలన్నీ ఉన్నాయనుకుందాం, డబ్బు లెక్క వేద్దాం. 6 లక్షలు 14 శాతం మీద నాలుగేళ్ళకి తీస్తే ఈఎంఐ 16,400 దగ్గర పడుతుంది, వడ్డీయే లక్షా 87 వేలు. ఇంజిన్ ఫుల్ స్పీడు మీద గంటకి సుమారు 30 లీటర్లు తాగుతుంది. మూడు నిమిషాల రౌండుకి నువ్వు 300 తీసుకుంటే లీటరున్నర పెట్రోలుకే 165 పోతుంది, మిగిలేది 135. అంటే ఒట్టి ఈఎంఐకే నెలకి 122 రౌండ్లు, జనం వచ్చేది ఆదివారాలు నాలుగే అనుకుంటే రోజుకి 30 పైనే, ఇంకా మనిషి జీతం, లైఫ్ జాకెట్లు, ఇన్సూరెన్స్, ఉప్పునీళ్ళకి ఇంజిన్ పాడవకుండా రోజూ మంచినీళ్ళతో కడగడం, ఇవేమీ కలపలేదు. పైగా మన దగ్గర జనం బీచికి ఎగబడేది కార్తీకమాసంలో, పిక్నిక్‌లకి, తుఫాన్లు వచ్చేదీ దానికి అటూ ఇటూగానే. హుద్‌హుద్ 2014 అక్టోబర్‌లో, తిత్లీ 2018 అక్టోబర్‌లో. సీజన్లో పది రోజులు సముద్రం దగ్గరికి వెళ్ళొద్దంటే ఈఎంఐ ఆగదు కదా.

నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇంకోటి. రైడ్‌లో ఎవరికైనా దెబ్బ తగిలితే, ఇన్సూరెన్స్ లేకపోతే, నష్టపరిహారం కట్టడానికి మీ నాన్నగారి పొలం అమ్ముకునే పరిస్థితి రావచ్చు. నువ్వు చేయించుకున్న పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ కాపాడుతుందనుకోకు, అది నీకు తగిలిన దెబ్బలకే, అందులోనూ అడ్వెంచర్ స్పోర్ట్స్‌ని చాలా పాలసీలు మినహాయిస్తాయి, కాగితం తీసి చదువు.

నీకు సముద్రం మీద ఇష్టం ఉందని నీ ఉత్తరంలోనే తెలుస్తోంది, ఆ ఇష్టాన్ని చంపుకోమని అననురా. గోవాలో కేంద్ర టూరిజం వాళ్ళ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ ఉంది, పవర్‌బోట్ నడపడం, ప్రాణరక్షణ కోర్సులు నేర్పుతారు. ఆ 2 లక్షల్లోంచి కొంత దానికి పెట్టు. సర్టిఫికెట్ వస్తే పర్మిషన్ ఉన్న ఆపరేటర్ దగ్గర ఒక సీజన్ పని చేసి చూడు, పెట్రోలు ఎంత పోతుందో, జనం నిజంగా ఎంతమంది వస్తారో అప్పు లేకుండానే తెలుస్తుంది. మిగతాది ఎఫ్‌డీలో ఉంచు.

అమ్మేవాడికి ఈరోజే ఫోన్ చేసి బిల్ ఆఫ్ ఎంట్రీ, హల్ నంబర్ ఫొటో పంపమను. పంపితే నాకు పెట్టు, కలిసి చూద్దాం. పంపకపోతే 50 వేలు నీ దగ్గరే ఉన్నాయి.