నవ్వు రాకపోతే నవ్వకండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. స్టేజీ ఎక్కి కావాలనే నొప్పించే కామెడీ, దాన్ని చూసేవాళ్లు ఏం చేయాలన్న ప్రశ్న. మూడూ సీమవాళ్లు రాసినవే కాబట్టి కలిపి జవాబిస్తున్నా.

ప్రశ్న: మేడమ్, మాది అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో. ఆఫీసు ఫ్రెండ్స్‌తో కలిసి ఒక తెలుగు స్టాండప్ షోకి వెళ్లి ముందు వరుసలో కూర్చున్నా. ఏ ఊరని అడిగితే చెప్పా. అంతే, నాటు బాంబులు, వేటకొడవళ్లు, సుమోలు మొదలయ్యాయి. అది మాకు అలవాటే. ఆ తర్వాత కాలు సరిగా లేనివాళ్లు ఎలా నడుస్తారో స్టేజీ మీద నడిచి చూపించాడు. మా తమ్ముడికి పుట్టుకతోనే ఒక కాలు సరిగా లేదు. హాలంతా పగలబడి నవ్వింది, నేనూ నవ్వేశా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫ్రెండ్స్‌తో అంటే "డార్క్ కామెడీ అని ముందే చెప్పారు కదా, నీకు సెన్సాఫ్ హ్యూమర్ లేదు" అంటున్నారు. తప్పు నాదేనా?

జవాబు: కాదమ్మా. మిమ్మల్ని ఎక్కువగా తినేస్తున్నది మీరు నవ్వడమే కాబట్టి ముందు దాని సంగతి చెప్తా. రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికా శాస్త్రవేత్త నవ్వు మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. మనిషి ఒక్కడే ఉన్నప్పటి కంటే నలుగురిలో ఉన్నప్పుడు దాదాపు 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడని ఆయన లెక్క. పైగా మీరు ముందు వరుసలో ఉన్నారు, మైకు అతని చేతిలో ఉంది, పక్కన ఫ్రెండ్సంతా నవ్వుతున్నారు, మీరు మొహం ముడుచుకుంటే మళ్లీ మీ మీదికే వస్తాడన్న టెన్షన్ ఒకటి, అలాంటప్పుడు నవ్వు దానంతటదే వచ్చేస్తుంది. తమ్ముణ్ని మీరు ఎగతాళి చేసినట్టు కాదు.

2010లో పీటర్ మెక్‌గ్రా, కాలెబ్ వారెన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో సంగతి చెప్పారు. ఒక మాట తప్పు అనిపించాలి, అదే క్షణంలో దానివల్ల ఎవరికీ ఏమీ కాదులే అని కూడా అనిపించాలి, రెండూ కలిసినప్పుడు నవ్వొస్తుందని. వెనక వరుసల్లో కూర్చున్నవాళ్లకు ఆ నడక ఎవరిదో. మీకది రోజూ మీ ఇంటి గడప దాటే నడక, చెప్పులు వేసుకోవడానికి తమ్ముడు గోడ పట్టుకుని నిలబడటం చూసిన కళ్లు మీవి. ఒకే జోకుకి వాళ్లు నవ్వడం, మీకు నిద్ర పట్టకపోవడం రెండూ సహజమే. సెన్సాఫ్ హ్యూమర్‌కీ దీనికీ సంబంధం లేదు.

అసలు మొరటు హాస్యం సీమకు కొత్తా? ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరున్న ఊరు. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగా మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు వచ్చి పడి ఎంతెంత మాటలనుకుంటారో పెద్దవాళ్లను అడగండి. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు అందరూ కూర్చుని విన్నారు. కానీ ఆ బొమ్మలు తిట్టుకునేది ఒకదాన్నొకటి, నాలుగు మాటలు పడితే ఎదుటిది ఆరు తిరిగి అంటుంది. మీ షోలో మీ తమ్ముడి చేతికి మైకు ఎవరిచ్చారు? నాకు కోపం వచ్చేది అక్కడే.

టికెట్ సంగతి. డార్క్ కామెడీ అని రాసి ఉంటే బూతులుంటాయని, చావుల మీద జోకులుంటాయని అర్థం చేసుకుని వెళ్తాం. అన్నింటికీ నవ్వి తీరాలన్న ఒప్పందం మీద మీరేమీ సంతకం పెట్టలేదు. ఇంకోసారి ఇలాగే అయితే లేచి బయటికి వచ్చేయండి, జోకు మధ్యలోనే. ఖాళీ అయిన కుర్చీ స్టేజీ మీద ఉన్నవాడికి బాగా కనిపిస్తుంది. తర్వాత అతనికి మెసేజ్ పెట్టండి, తిట్లు లేకుండా, ఏ జోకు, ఎందుకు బాధించిందో రాసి. వికలాంగుల మీద జోకులు వేసిన కొందరు పేరున్న కమెడియన్లను తమ యూట్యూబ్ చానళ్లలో క్షమాపణ చెప్పమని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అరుదైన కండరాల జబ్బు ఉన్నవాళ్ల కోసం పనిచేసే ఒక సంస్థ కోర్టు దాకా వెళ్లబట్టే అది జరిగింది.

బాంబుల జోకు అలవాటైపోయిందన్నారు, అలవాటు చేసుకోకండి. అనంతపురాన్ని సినిమాల్లో తప్ప చూడనివాడు వేసే జోకు అది. ఎండిన వేరుశనగ చేను గురించీ, రాని వాన గురించీ మనవాళ్లు అరుగుల మీద వేసుకునే జోకులు దీనికంటే వందరెట్లు పదునుగా ఉంటాయి.

ప్రశ్న: మాది కడప. దేవుడి మీద ఒక కమెడియన్ వేసిన జోకు రీల్ మా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. వీధిలో కుర్రాళ్లు ఊగిపోతున్నారు, కేసు పెడదాం, అతను ఎక్కడ షో పెట్టినా ఆపించేద్దాం అంటున్నారు. మా అబ్బాయి కూడా వాళ్లతో పోతానంటున్నాడు. ఏం చెప్పాలి?

జవాబు: అబ్బాయిని పంపకండి, ఇది మొదటి మాట. భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్, అంటే పాత ఐపీసీలోని 295ఎ, మత భావాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో గాయపరచడం గురించి. మనసు నొచ్చుకున్నంత మాత్రాన అది వర్తించదు, ఆ దురుద్దేశం ఉండాలని సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది. నిజంగా అంత ఘోరం అనిపిస్తే పెద్దవాళ్లు ఇద్దరు వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. గుంపుగా పోయి కుర్చీలు విరగ్గొడితే కేసు మీ అబ్బాయి మీద పడుతుంది. 2025 మార్చిలో ముంబైలో ఒక కమెడియన్ వీడియో వచ్చాక, అది తీసిన చోటికి పోయి ధ్వంసం చేశారు. కమెడియన్‌కి ఇంకా పేరొచ్చింది, దెబ్బతిన్నది ఆ హాలు. 2021 జనవరి 1న ఇండోర్‌లో మునవ్వర్ ఫారూఖీ అనే కమెడియన్‌ని అరెస్టు చేస్తే నెల దాటాక గానీ బెయిల్ రాలేదు. మరుసటి ఏడాది ఆగస్టులో ఆయనే హైదరాబాద్ శిల్పకళావేదికలో పోలీసు కాపలా మధ్య షో చేశాడు. జైలు వల్ల ఆ గొంతు ఆగలేదు.

ఇంకోటి, ఆ రీల్‌ని "చూడండి ఎంత అన్యాయమో" అంటూ ఫార్వర్డ్ చేసినవాళ్లే దాన్ని కడప దాకా తెచ్చారు. గ్రూపులో తీసేయించండి, యాప్‌లో రిపోర్టు కొట్టండి. ఉగాదికి ముస్లింలు దేవుని కడప వెంకన్న దగ్గరికి, హిందువులు పెద్ద దర్గాకి వెళ్లే ఊరు మనది, ఎక్కడో ఎవడో అన్న మాటకు మన వీధిలో గొడవ ఎందుకు పెట్టుకోవాలి?

జోకులో చిన్నపిల్లలను పట్టుకుని అసభ్యంగా మాట్లాడితే మాత్రం ఊరుకోవద్దు. తండ్రీకూతుళ్ల వీడియో మీద నీచంగా మాట్లాడిన ఒక తెలుగు యూట్యూబర్‌ను 2024 జూలైలో తెలంగాణ పోలీసులు అరెస్టు చేసి, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద కూడా కేసు పెట్టారు. అలాంటిది కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ప్రశ్న: అక్కా, నేను కర్నూలులో ఇంజినీరింగ్ చదువుతున్నా. కాలేజీ ఫెస్ట్‌లో స్టాండప్ చేశా. హాస్టల్ తిండి మీద జోకులు పేలాయి. మా రూమ్మేట్ కులం మీద వేసిన జోకుకి హాలంతా నిశ్శబ్దం. "హర్ట్ చేయకపోతే అది కామెడీనే కాదు, నువ్వు కరెక్టే" అని సీనియర్లు అంటున్నారు. జనానిదే తప్పా?

జవాబు: తమ్ముడూ, ఆ హాలు నీకు మేలు చేసింది. హాస్టల్ సాంబారు మీద నవ్వినవాళ్లే కులం మాటకు నోరు మూసుకున్నారంటే వాళ్లకు హాస్యం తెలియదని ఎలా అంటావు? రూమ్మేట్ ఎస్సీయో ఎస్టీయో అయితే, పదిమందిలో కులం పేరుతో అవమానించడం 1989 నాటి అట్రాసిటీ చట్టం కింద నేరం కూడా, సీనియర్లకు ఆ సంగతి చెప్పు. హర్ట్ చేయాలనే ఉంటే ఫీజులు గుంజే మేనేజ్‌మెంట్ ఉంది, ర్యాగింగ్ చేసే ఆ సీనియర్లే ఉన్నారు, వాళ్ల మీద వేసి చూడు, ధైర్యం ఎంతుందో తెలుస్తుంది. ముందు రూమ్మేట్ దగ్గరికి వెళ్లి, జోకులు వేయకుండా, సారీ చెప్పు. వీడియో ఎవరైనా ఇన్‌స్టాలో పెట్టి ఉంటే ఈ రోజే తీసేయించు.