"హార్వీలో మునిగిందా?": హరికేన్ పేర్లు ఎందుకు రిటైరవుతాయి

హరికేన్లకు, అంటే అట్లాంటిక్ వైపు వచ్చే బలమైన తుఫాన్లకు, పేర్లు ఎలా పెడతారు, కొన్ని పేర్లను ఎందుకు రిటైర్ చేస్తారు (ఇక వాడకుండా తీసేస్తారు) అని అడిగారు. పదేళ్లకు పైగా అమెరికాలో, టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో ఉంటున్నాను కాబట్టి రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను.

2017లో హార్వీ అనే హరికేన్ మా ఊరిని ముంచేసింది. 2019లో ఇల్లు కొందామని తిరిగినప్పుడు ఏ ఇంటికి వెళ్లినా మా మొదటి మాట ఒకటే: "హార్వీలో మునిగిందా?" బెడ్‌రూములెన్ని, స్కూలెంత దూరం అన్నవి ఆ తర్వాతే. ఒక ఇంటికి "లేదు" అనే చెప్పారు. మా ఆవిడకు నమ్మకం కుదరక గరాజ్‌లోకి వెళ్లి, ఫోన్ లైటు గోడకు పక్కవాటుగా పెట్టి చూసింది. నేల నుంచి రెండడుగుల వరకు గోడ నున్నగా ఉంది, ఆ పైన పాత గరుకు. మధ్యలో గది చుట్టూ సన్నటి అతుకు గీత. నీళ్లెక్కిన ఇళ్లలో తడిసిన షీట్‌రాక్‌ను (గోడలకు బిగించే జిప్సం పలకల్ని) కింద నుంచి కోసి పారేసి కొత్త ముక్కలు బిగిస్తారు. ఎంత రంగు వేసినా ఆ తేడా దాగదు. ఇద్దరం మొహాలు చూసుకుని బయటికొచ్చేశాం.

పేరు రిటైర్ చేయడానికి కారణం ఇదే. హార్వీ అంటే ఇక్కడ అందరికీ ఒకటే తుఫాను. ఇన్సూరెన్స్ క్లెయిములు, కోర్టు కేసులు, ఇళ్ల బేరాలు, అన్నిటిలో ఆ పేరే. ఇంకో హార్వీ వస్తే "ఏ హార్వీ?" అని అడగాల్సి వస్తుంది. పైగా అంతమందిని పోగొట్టుకున్న చోట మళ్లీ అదే పేరు టీవీలో వినపడితే ఎలా ఉంటుంది? సచిన్ 10 నంబరు జెర్సీని పక్కన పెట్టడం గౌరవం. ఇది అలాంటిది కాదు.

నిజంగానే మళ్లీ వచ్చేది కూడా. అట్లాంటిక్ తుఫాన్లకు ఆరు జాబితాలుంటాయి, ఒక్కో దాంట్లో 21 పేర్లు. క్యూ, యు, ఎక్స్, వై, జెడ్ అక్షరాలతో పేర్లు ఉండవు. ఏటా ఒక జాబితా చొప్పున వాడి, ఏడో ఏడు మళ్లీ మొదటిదానికి వస్తారు. గాలి వేగం గంటకు 63 కిలోమీటర్లు చేరగానే, అంటే హరికేన్ కాకముందే, వరసలో తర్వాతి పేరు పెట్టేస్తారు. హార్వీ 2011లోనూ వచ్చింది, మధ్య అమెరికాలోని బెలీజ్ అనే దేశం మీదికి. దాన్ని తీసేయాల్సినంత నష్టం జరగలేదు కాబట్టి పేరు జాబితాలోనే ఉండిపోయింది. 2017 ఆగస్టు 25 రాత్రి అదే పేరుతో వచ్చిన తుఫాను టెక్సస్‌లోని రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటి, ముందుకు కదలకుండా రోజుల తరబడి మా నెత్తినే కురిసింది. నెదర్లాండ్ అనే ఊళ్లో 60 అంగుళాలు దాటింది. నష్టం 125 బిలియన్ డాలర్లని అంచనా.

మరుసటి ఏడు వసంతంలో ప్రపంచ వాతావరణ సంస్థ హరికేన్ కమిటీ కూర్చుని హార్వీని తీసేసి హెరాల్డ్‌ను పెట్టింది. దెబ్బతిన్న దేశాలు అడిగితే కమిటీ చర్చించి నిర్ణయిస్తుంది. తమాషా ఏమిటంటే 2023 ఆగస్టులో ఆ హెరాల్డ్ కూడా నేరుగా టెక్సస్‌కే వచ్చింది! మా వాట్సాప్ గ్రూపులో "హార్వీ తమ్ముడొచ్చాడు" అని ఒకటే జోకులు. దక్షిణాన తీరం దాటి పోయాడు, పెద్దగా ఏమీ చేయలేదు.

గాలి వేగాన్ని బట్టి రిటైర్ చేస్తారని చాలామంది అనుకుంటారు, కాదు. 2001లో హ్యూస్టన్‌ను ముంచిన ఆలిసన్ అసలు హరికేనే కాలేదు, అయినా ఆ పేరు తీసేశారు. 2019లో ఇమెల్డా మా తూర్పు వైపు 40 అంగుళాలకు పైగా కురిసినా పేరు మాత్రం అలాగే ఉంచారు, 2025లో మళ్లీ వచ్చింది. ఇదేం న్యాయమో నాకైతే అర్థం కాలేదు.

పాత సంగతి క్లుప్తంగా: 1950 నుంచి మూడేళ్లు ఏబుల్, బేకర్, చార్లీ అంటూ రేడియో కోడ్ అక్షరాలు వాడారు. 1953లో ఆడపేర్లు మొదలయ్యాయి, అట్లాంటిక్‌లో 1979 నుంచి మగపేర్లూ కలిపారు. 2005, 2020లో జాబితా అయిపోయి గ్రీకు అక్షరాల్లోకి వెళ్లారు. జీటా, ఈటా, థీటా ఒకేలా వినపడి గందరగోళమైంది. 2021లో ఆ పద్ధతి మానేసి అదనపు జాబితా ఒకటి తయారు చేసుకున్నారు.

మన బంగాళాఖాతంలో ఈ తలనొప్పే లేదు. 13 దేశాలు ఇచ్చిన పేర్లను వరసగా ఒక్కసారే వాడతారు. మాది ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ మా కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. పాకిస్తాన్ ఇచ్చిన పేరట, సీతాకోకచిలుక అని అర్థం. ఆ సంగతి ఫోన్లో చెబితే మా నాన్న "ఎవడ్రా పెట్టింది ఈ పేరు" అని తిట్టారు. 1977 నాటి దివిసీమ ఉప్పెనకైతే అసలు పేరే లేదు, ఇప్పటికీ ఆ ప్రాంతం పేరుతోనే చెప్పుకుంటాం.

2024 జులైలో బెరిల్ వచ్చినప్పుడు మాకు ఐదు రోజులు కరెంటు లేదు. ఆ పేరూ తీసేశారు. 2030లో దాని చోట బ్రయానా వస్తుంది. మా అబ్బాయి క్లాసులో ఆ పేరుతోనే ఒకమ్మాయి ఉంది, ఆ పిల్లకు మాత్రం ఇంకా చెప్పలేదట.