తేమ కొలవని కుప్పకు సున్నా

తమ్మీ,

వడ్ల కొనుగోలు లెక్కకు నువ్వు రాసిన జావా ప్రోగ్రాం చూసిన. 'కుప్ప' క్లాసుల రైతు పేరు, బస్తాలు, తేమ అనే ఫీల్డులు పెట్టినవ్, కన్‌స్ట్రక్టర్ (కొత్త కుప్ప తయారైతున్నప్పుడు నడిచే కోడు) మాత్రం రాయలే. రాయకపోతే ఖాళీ బ్రాకెట్లది ఒకటి కంపైలరే (నీ కోడును మిషన్‌కు తర్జుమా చేసేది) పెడ్తది. 'న్యూ కుప్ప()' అనంగనే ఇంట్‌కు (పూర్ణాంకం) 0, డబుల్‌కు (దశాంశం) 0.0, బూలియన్‌కు (అవును-కాదు) ఫాల్స్, స్ట్రింగ్‌కు (అక్షరాలు) నల్, అంటే ఏమీ లేదని, వచ్చి కూసుంటయి. (మెథడ్, అంటే పేరు పెట్టి పిలిచే కోడు ముక్క, దాని లోపలి లోకల్ వేరియబుల్‌కు ఇవేవీ రావు. విలువ ఇయ్యకుండ చదివితే కంపైలే కాదు.)

పేరు నల్ అయితే ఎక్కడో ఒకకాడ ఎర్రర్ కొట్టి దొరకొచ్చు. తేమతోనే తంటా. 17 శాతం దాటితే ఆపుమని రాసినవ్ గదా, మీటరే పెట్టని కుప్ప తేమ 0.0 కాబట్టి దర్జాగ కాంట దాటుతది. సున్నా తేమ వడ్లు మిర్యాలగూడల ఏ కల్లంల ఉంటయి?

అందుకే తేమ అడిగే కన్‌స్ట్రక్టర్ రాయి. సున్నా గానీ అంతకు తక్కువ గానీ వస్తే ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ (ఇచ్చిన విలువ చెల్లదనే ఎర్రర్) విసురు. అది రాయంగనే కంపైలర్ ఇచ్చిన ఖాళీది పోతది, పాత 'న్యూ కుప్ప()'లన్నీ ఎర్రబడ్తయి. గాబరాపడి ఖాళీది మళ్ల పెట్టకు. నువ్వు తేమ మరిచిన జాగలే అవి.

తేమ ఫీల్డుకు ఫైనల్ కూడ తగిలియ్యి, అంటే దానికి తప్పకుండ ఒక్కసారి విలువ ఇయ్యాలె, మళ్ల మార్చరాదు. 'దిస్' (ఈ కుప్పది అని చెప్పే మాట) మరిచి 'తేమ = తేమ' అని రాస్తే బ్రాకెట్ల వచ్చిన పరామితి తనకు తానే రాసుకుంటది, ఫీల్డుల సున్నా అట్లనే ఉంటది. కన్‌స్ట్రక్టర్ ముందట 'వాయిడ్' పడితే అది ఉత్త మెథడ్ అయితది, 'న్యూ' దాన్ని పిలువదు. ఫైనల్ ఉంటే ఈ రెండూ కంపైల్‌లనే పట్టువడ్తయి.

ఇగ కుప్పకు పిల్ల క్లాసు 'సన్నాలు'. అండ్ల 'ఇంట్ బోనస్ = 500' పెట్టి, చిట్టీ రాసే మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేసినవ్ (కుప్పల ఉన్నదాన్ని ఇక్కడ తిరగరాసినవ్). ఆ మెథడ్‌ను కుప్ప కన్‌స్ట్రక్టర్ పిలుస్తున్నది. ముందుగాల తల్లి క్లాసు కన్‌స్ట్రక్టర్ అయిపోవాలె, ఆ తర్వాతనే పిల్ల క్లాసు ఫీల్డుల్లకు 500 వస్తది. అప్పటిదాంక 0, చిట్టీల పడేదీ అదే. విచిత్రమేందంటే, ఆ ఫీల్డుకు ఫైనల్ పెడితే 500 వస్తది. స్థిర విలువను కంపైలర్ నేరుగ ఆ జాగలనే అచ్చేస్తది. దాన్ని నమ్ముకోకు, రేపు 500 బదులు ఫైలు నుంచి చదివితే మళ్ల సున్నానే. చిట్టీ పిలుపును కన్‌స్ట్రక్టర్‌ల నుంచి తీసేసి, 'న్యూ' అయినంక పిలువు.