పన్ను స్క్రూ మాటిమాటికీ వదులైతే కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది గాజువాక. కింది దవడ పన్నుకు ఇంప్లాంట్ పెట్టించుకున్నాను. ఏడాదిలో మూడుసార్లు స్క్రూ వదులై క్యాప్ ఊగింది. ఇంకో డాక్టరుకు చూపిస్తే లోపలి స్క్రూ ఆ ఇంప్లాంట్ కంపెనీది కాదన్నారు. బిల్లులో మాత్రం ఆ కంపెనీ పేరే ఉంది. మొదటి డాక్టరు మళ్లీ డబ్బు కట్టమంటున్నారు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ ‘స్క్రూ వదులైంది’ అన్న ఒక్క మాట పట్టుకుని వెళ్తే కేసు కూడా ఆ క్యాప్‌లాగే ఊగుతుంది. ఇంప్లాంట్లలో ఇది తెలిసిన ఇబ్బందే. నిద్రలో పళ్లు నూరే అలవాటున్నా వస్తుంది. అవతలి లాయరు మొదట అడిగేది అదే.

మీ బలం బిల్లులో ఉంది. బిగించినప్పుడు స్క్రూ కాస్త సాగి, స్ప్రింగులా ఎముకలోని ఇంప్లాంట్‌ను, దాని మీద క్యాప్‌ను మోసే భాగాన్ని (అబట్‌మెంట్) కలిపి పట్టుకుంటుంది. ఎంత బలంతో బిగించాలో కంపెనీయే చెబుతుంది, చాలా రకాలకు 30-35 న్యూటన్ సెంటీమీటర్లు. ఆ అంకె ఆ స్క్రూ లోహానికి, పైపూతకు, థ్రెడ్ కొలతకు లెక్కగట్టింది. వేరేది పెడితే పట్టు తగ్గవచ్చు. టైటానియం ఇంప్లాంట్ మీద జిర్కోనియా (ఒక గట్టి పింగాణీ రకం) అబట్‌మెంట్ నేరుగా కూర్చుంటే, గట్టిదైన జిర్కోనియా టైటానియాన్ని అరగదీయవచ్చు కూడా. మీకు ఏది పెట్టారో కనుక్కోండి. బయటి కంపెనీ స్క్రూ వాడటమే తప్పని కాదు. మీకు చెప్పకుండా వాడి, అసలుదని బిల్లు రాస్తే అది సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి.

స్క్రూ మార్చేటప్పుడు పాతది అడిగి తీసుకోండి. గోరంత కూడా ఉండదు, దూదిలో చుట్టి బుట్టలో పడేస్తారు. చిన్న జిప్ కవర్లో వేసి తేదీ రాయండి. లాట్ నంబరు (తయారీ బ్యాచ్ నంబరు) ఉన్న ఇంప్లాంట్ స్టిక్కరు, కేస్ షీట్ నకలు, ఎక్స్‌రేలు రాతపూర్వకంగా అడగండి. రెండో డాక్టరు నోటిమాట చాలదు, కాగితం మీద రాయించండి. ప్రతి వైద్య కేసుకూ నిపుణుల అభిప్రాయం తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది గానీ, ఇలాంటి సాంకేతిక గొడవలో అది లేకుండా నేనైతే వెళ్లను.

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే తేలింది. 2019 చట్టం ప్రకారం రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి; స్క్రూ మొదటిసారి వదులైన తేదీ నుంచే లెక్కేసుకోండి. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో నేరుగా గానీ ఆన్‌లైన్‌లో గానీ వేయవచ్చు.

ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఊగడం గురించి ఒక్క లైను చాలు. ‘నా నోట్లో పెట్టిన స్క్రూ ఏ కంపెనీది, లాట్ నంబరెంత?’ అని 15 రోజుల గడువుతో అడగండి. జవాబు వచ్చినా రాకపోయినా, ఆ నోటీసు నకలు, పోస్టు రసీదు ఫిర్యాదుకు జతచేయండి.