అమ్మ కీప్యాడ్ ఫోన్‌కు నెలనెలా 199 రూపాయల రీచార్జ్ అవసరమా?

మర్రిగూడ దిక్కు ఊరు, ఇప్పుడు ఎల్బీనగర్‌ల బట్టల షాపుల పనిచేస్తున్న ఒక చెల్లె అడిగింది: "అన్నా, మా అమ్మ ఊర్ల ఒక్కతే ఉంటది. కీప్యాడ్ ఫోన్. ఆమె ఎవ్వరికీ పెద్దగా చెయ్యదు, పొద్దుగూకినంక నేనే చేస్త, అంతే. 28 రోజులకోసారి 199 వేపిస్తున్న. పోయిన నెల మర్చిపోయిన, అదే వారంల అమ్మ వాకిట్ల జారిపడ్డది, నాకు చేద్దామంటే కాల్ పోలేదట, పక్కింటోళ్లు చూసేదాక అట్లనే కూసున్నదట. అన్నిట్లకెల్ల తక్కువల పడే ప్లాన్ ఏదో చెప్పు. అమ్మకు నెలకు 2016 రూపాయల పింఛన్ తప్ప ఇంకేం రాదు."

చెల్లె, ముందుగాల ఒకమాట, రీచార్జ్ మర్చిపోయిన అని నువ్వు మనసుల పెట్టుకోకు. ఏడాదికి 13 సార్లు గుర్తుపెట్టుకోవాల్సిన పని ఏదైనా సరే మనిషి ఒకసారన్న మర్చిపోతడు. 28 రోజులు 13 సార్లు అయితే 364 రోజులు, అంటే నెలకోసారి అనుకుంటం గాని కట్టేది 12 సార్లు కాదు 13 సార్లు. 199 చొప్పున లెక్కేస్తే 2587 రూపాయలు. అమ్మ పింఛన్‌ల ఒక నెలది మొత్తం పోయి ఇంకో 571 పోతున్నయి. దాంట్ల నువ్వు కొంటున్నదేంది? కీప్యాడ్ ఫోన్‌ల ఎన్నడూ తెరవని డేటా.

నీ ప్రశ్నల "తక్కువల పడేది" అన్నవు గాని, నీకు కావాల్సింది నిజానికి ఇంకోటి. అమ్మ ఎన్ని నిమిషాలు మాట్లాడుతది అన్నది లెక్కనే కాదు, ఏడాదిల ఏ రోజు అయినా, ఏ రాత్రి అయినా ఆ ఫోన్ నుంచి కాల్ పోవాలె, దానికి కాల్ రావాలె. కాబట్టి నేనైతే వ్యాలిడిటీని చూసి కొంట, మిగతావన్నీ తర్వాత.

2018 నవంబర్ దాక ఈ బాధ లేకుండె, రీచార్జ్ లేకున్నా ఇన్‌కమింగ్ వచ్చేది, మన ఊర్లల్ల సగం ఫోన్లు మిస్డ్ కాల్స్ మీదనే నడిచినయి. తర్వాత కంపెనీలు మినిమం రీచార్జ్ 35 రూపాయలు అని పెట్టినయి, ఆ 35 మెల్లమెల్లగా పెరిగి పెరిగి, 2024 జులైల అన్ని ప్రైవేట్ కంపెనీలు ఒకేసారి రేట్లు పెంచినంక ఇప్పుడు నువ్వు కడుతున్న 199 కాడికి వచ్చింది.

అయితే 2024 డిసెంబర్‌ల ట్రాయ్, అంటే ఫోన్ కంపెనీలకు రూల్స్ పెట్టే సర్కారు సంస్థ, ఒక మంచి పని చేసింది. డేటా అక్కర లేనోళ్ల కోసం కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే వోచర్ ప్రతి కంపెనీ పెట్టాలె అని రూల్ తెచ్చింది, అట్లాంటి వోచర్లకు 90 రోజుల లిమిట్ ఉండె, దాన్ని 365 రోజులకు పెంచింది. 2025 జనవరిల ఆ ప్లాన్లు వచ్చినయి. ఎయిర్‌టెల్‌ల 84 రోజులకు 469, 365 రోజులకు 1849. జియోల 84 రోజులకు 448, 336 రోజులకు 1748. అన్నిట్ల కాల్స్ అన్‌లిమిటెడ్, డేటా సున్న. వేపించే రోజు రేటు ఒకసారి చూస్కో, ఇవి మారుతనే ఉంటయి.

ఈ ప్లాన్ల సంగతి చాలామందికి ఎందుకు తెల్వదంటే యాప్ తెరవంగనే అవి కనపడవు, పైన రోజుకు 1.5 జీబీ, 2 జీబీ ప్యాక్‌లు మెరుస్తుంటయి, ఇవి ఎక్కడో కింద ఉంటయి, చౌరస్తాల రీచార్జ్ షాపాయన కూడా అలవాటుగా "199 ఆ?" అని అడిగి కొట్టేస్తడు, ఆయన తప్పేం లేదు, మనం పేరు పెట్టి అడగాలె. "డేటా వద్దు, కాల్స్ మాత్రమే, ఏడాదిది" అని చెప్పు, లేకపోతే నువ్వే యాప్‌ల అమ్మ నంబర్ కొట్టి కిందిదాక జరుపుకుంట పో, దొరుకుతది.

ఇప్పుడు రోజుకు ఎంత పడుతదో చూడు. నువ్వు కడుతున్నది రోజుకు 7 రూపాయల పైన. 469 ది అయితే ఐదున్నర. 1849 ది అయితే 5 రూపాయల 7 పైసలు. జియో 1748 చూడంగనే ఎయిర్‌టెల్ కంటే వంద తక్కువ అనిపిస్తది గాని అది 336 రోజులే, రోజు లెక్కన 5 రూపాయల 20 పైసలు, అంటే కొంచెం ఎక్కువనే. ఇంకో చిక్కు కూడా ఉన్నది, పైసల కంటే అదే నాకు పెద్దగ అనిపిస్తది: 336 రోజుల ప్లాన్ ప్రతి ఏడు నెల రోజులు వెనక్కి జరుగుతది, ఈసారి జనవరిల అయితే వచ్చేసారి డిసెంబర్, ఆ తర్వాత నవంబర్, అట్ల జరిగే తారీఖును గుర్తుపెట్టుకునుడు కష్టం. 365 రోజులది అదే తారీఖు కాడ ఉంటది. అందుకే నన్ను అడిగేటోళ్లకు సంక్రాంతికి పెట్టుకోండి అని చెప్త, బతుకమ్మకు పెట్టుకోవద్దు, బతుకమ్మ తిథి ప్రకారం వస్తది, ఒక ఏడు ముందుకు ఒక ఏడు వెనక్కి, వ్యాలిడిటీ అయిపోయి పండుగ ఇంకా పదిహేను రోజులు ఉంటే మళ్ల అదే కథ. సంక్రాంతి అట్ల కాదు, జనవరి 14 లేకుంటే 15. అయిపోయేదాక ఆగకు, ఒక రోజు ముందే వెయ్యి.

ఒక్కసారే 1849 తియ్యాలంటే షాపు జీతం మీద బరువే, నాకు తెలుసు. ఇప్పటి నుంచి నెలకు 155 పక్కన పెట్టు, వేరే డబ్బల వేసినా సరే, పోస్టాఫీసుల వేసినా సరే. ఈ సంక్రాంతికి అందకపోతే 469 తోని 84 రోజులు నడిపియ్యి, ఏడాదికి ఐదు సార్ల లోపే అయితది, 13 కంటే ఎంతో నయం. అప్పు చేసి మాత్రం ఏడాది ప్లాన్ వెయ్యకు, నెలకు మూడు రూపాయల వడ్డీకి తెస్తే మిగిలేదాంట్ల ఎక్కువ భాగం అక్కడికే పోతది.

ఇంకా తక్కువల కావాలంటే బీఎస్ఎన్ఎల్. వాళ్ల 1198 ప్లాన్ 365 రోజులు, నెలకు 300 నిమిషాలు, 3 జీబీ, 30 మెసేజ్‌లు. రోజుకు 3 రూపాయల 28 పైసలు, ఇది కూడా వేపించే రోజు ఒకసారి అడిగి చూస్కో. నువ్వు చేసే కాల్ ఆమెకు ఇన్‌కమింగ్, అది ఆ 300 ల నుంచి పోదు, కాబట్టి అమ్మకు అవి చాలా ఎక్కువ. ఇప్పటి ఖర్చు మీద ఏడాదికి 1389 మిగులుతది. మరి అదే తీసుకో అని ఎందుకు చెప్తలేను అంటే, సిగ్నల్. 2025 సెప్టెంబర్‌ల బీఎస్ఎన్ఎల్ సొంత 4జీ దేశమంత మొదలుపెట్టింది, కొన్ని ఊర్లల్ల బాగైంది, ఇంకొన్ని ఊర్లల్ల మిద్దె ఎక్కితే తప్ప గీతలు రావు. ఎవరి మాట నమ్మకు, ఊర్ల బీఎస్ఎన్ఎల్ సిమ్ ఉన్నోళ్ల ఫోన్ ఒక గంట అడుక్కో, వాకిట్ల కాదు, అమ్మ పండుకునే అర్రలకు తీసుకపోయి, తలుపేసి, గూట్ల పెట్టి, నీ ఫోన్ నుంచి దానికి కాల్ చెయ్యి. మట్టి గోడల ఇల్లయితే సిగ్నల్ బయట ఒక తీరు, లోపల ఇంకో తీరు ఉంటది. రాత్రి కరెంట్ పోయినప్పుడు ఇంకోసారి చూడు, టవర్ బ్యాటరీ సరిగ లేకపోతే కరెంట్‌తోని పాటు సిగ్నల్ కూడా పోతది. రెండు సార్లూ మోగితే కళ్లు మూసుకొని 1198 కు మారు. మోగకపోతే ఆ 650 రూపాయల తేడా చూసుకొని అమ్మను సిగ్నల్ లేని కాడ పెట్టకు.

వేరే కంపెనీకి మారినా నంబర్ అదే ఉంటది. అమ్మ ఫోన్ నుంచి 1900 కు పోర్ట్ (కంపెనీ మార్చే) మెసేజ్ పంపితే కోడ్ వస్తది, ఆ కోడ్, ఆధార్ పట్టుకొని కొత్త కంపెనీ సెంటర్‌కు పోవాలె. ఇప్పుడున్న ప్లాన్ ఇంకా నాలుగు రోజుల్ల అయిపోతది అన్నప్పుడు మారు, పాత కంపెనీల మిగిలిన బ్యాలెన్స్, వ్యాలిడిటీ ఏదీ కొత్తదాంట్లకు రాదు. సిమ్ ఎవరి పేరు మీద ఉన్నదో కూడా ముందే చూస్కో, ఊర్లల్ల ఎప్పుడో మేనల్లుడు ఆయన ఆధార్ మీద తీసిచ్చిన సిమ్‌లు మస్తు ఉన్నయి, అట్లయితే ఆయననే సెంటర్‌కు రావాలె. అమ్మ పేరు మీద ఉంటే వేలిముద్ర సంగతి ఉంటది, బాయికాడ పని చేసి చేసి అరిగిన వేళ్లు మిషన్ పట్టదు, నాలుగైదు సార్లు పెట్టిస్తరు, ఒక పూట పోతది అనుకొనే తీసుకపో.

జియోకు మారుదామనుకుంటే మాత్రం ముందు ఫోన్ చూడు. జియోకు పాత 2జీ నెట్‌వర్క్ లేదు, అమ్మది పాత 2జీ కీప్యాడ్ అయితే దాంట్ల జియో సిమ్ వేసినా పనిచెయ్యదు. వాళ్ల జియోభారత్ కీప్యాడ్ ఫోన్ కొంటే ఆ ఫోన్‌కు మాత్రమే వేరే ప్లాన్ ఉన్నది, 28 రోజులకు 123, లేదా 336 రోజులకు 1234, రేటు బాగనే ఉంటది. కాని ఆ ఫోన్‌ల వేరే కంపెనీ సిమ్ నడవదు, ఫోన్ కొన్న పైసలు ప్లాన్ తేడాల తిరిగి రావాలంటే ఒకటిన్నర రెండేండ్లు పడుతది. అన్నిటికంటె ముందు, అమ్మ వేళ్లకు పాత బటన్లు చీకట్ల కూడా తెలుసు. పడిపోయిన మనిషి కొత్త ఫోన్‌ల కాల్ బటన్ ఎక్కడున్నదో వెతుక్కునుడు నాకైతే ఇష్టం లేదు. పాతది నడిచినన్ని రోజులు నడవనియ్యి.

వాట్సాప్‌ల "20 రూపాయలు ఉంటే చాలు, సిమ్ నాలుగు నెలలు నడుస్తది" అని మెసేజ్ తిరుగుతది, నీకూ వచ్చే ఉంటది. ఆ రూల్ 2013 నాటిది. 90 రోజులు అసలే వాడకపోతే, బ్యాలెన్స్‌ల 20 రూపాయలు ఉంటే అవి కోసుకొని ఇంకో 30 రోజులు నంబర్‌ను తీసెయ్యరు, అంత వరకే. అది నంబర్ పోకుండ చూసే రూల్, దాంతోని కాల్ పోదు. దాన్ని నమ్ముకోని అమ్మ ఫోన్ వదిలెయ్యకు.

నంబర్ పోతే ఏమైతదో మా ఇంట్లనే చూసిన. మా నాయన మా కాడికి వచ్చినంక ఆయన పాత సిమ్ బీరువల పడేసినం, కొన్ని నెలలకు అది పోయి వేరే ఎవరికో ఇచ్చేసిన్రు. బ్యాంకు ఓటీపీలన్నీ ఆ మనిషి ఫోన్‌కు పోవుడు మొదలైనయి. బ్యాంకుల నంబర్ మార్పియ్యడానికి మూడు సార్లు తిరిగినం, మూడోసారి నాయన అక్కడ బెంచీ మీద కూసొని "నా పేరు నాదే అని నేనే చెప్పాల్నా బిడ్డా" అన్నడు. ఇవ్వాళ ఆధార్, బ్యాంకు, గ్యాస్, రైతు భరోసా అన్నీ ఒక్క నంబర్ మీద ఉన్నయి, అమ్మ నంబర్ ఎన్నిటికి ఇచ్చిన్రో ఒక కాయితం మీద రాసి పెట్టుకో.

పడిపోయిన రోజు సంగతికి వస్తే, అవుట్‌గోయింగ్ ఆగిపోయిన సిమ్ నుంచి కూడా 112 కు కాల్ పోవాలె అని రూల్ ఉన్నది, ఇది అమ్మకు చెప్పు. ఒకటి, ఒకటి, రెండు అని నాలుగు సార్లు ఆమెతోనే నొక్కిచ్చి చూపియ్యి, ఆకుపచ్చ బటన్ మాత్రం నొక్కిపియ్యకు, ఆడ నిజంగ ఎత్తుతరు. 2 నంబర్ మీద నీ నంబర్‌ను స్పీడ్ డయల్ పెట్టు, 3 మీద పక్కింటోళ్లది, ఒత్తి పట్టుకుంటే చాలు పోతది.

మిగిలిన పైసలతోని ముందు కొత్త బ్యాటరీ కొను. పాతది తీసి బండ మీద పెట్టి వేలితోని తిప్పు, బొంగరం లెక్క తిరిగితే ఉబ్బినట్టే, ఇంక దాన్ని ఫోన్‌ల పెట్టకు. ఛార్జర్ వైరు అమ్మ మంచం కాడికి అందుతదా చూడు, అందకపోతే ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి తీసుకపో. ఇంకా వాకిట్ల, ఆమె జారిపడ్డ కాడనే గోడకు నీ నంబర్, పక్కింటోళ్ల నంబర్ జానెడు అక్షరాలతోని పెయింట్‌తో రాయి. చూసినోళ్లు ఎవరైనా వాళ్ల ఫోన్ నుంచే నీకు చేస్తరు.