ఆయిల్ దించాను, ఫిల్టర్ ఎక్కడుంది?

ప్రశ్న: ఏడేళ్ల నాటి చిన్న పెట్రోలు కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆయిల్ నేనే మార్చుకుందామని డ్రెయిన్ ప్లగ్ విప్పి పాత ఆయిల్ దించాను గానీ, ఫిల్టర్ ఎక్కడుందో కనిపించలేదు. పాత ఫిల్టర్‌తోనే కొత్త ఆయిల్ పోసి నడపవచ్చా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: అలా నడపవద్దు. అరిగిన లోహపు రజను, మసి ఫిల్టర్‌లోని కాగితపు మడతల్లో పేరుకుంటాయి. అది పూడుకుపోతే లోపలి బైపాస్ వాల్వు తెరుచుకుని, ఆయిల్‌ను వడకట్టకుండానే ఇంజిన్‌లోకి వదులుతుంది.

అంతకంటే ముందు డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూడండి. దానిపై ఆయిల్ ఇంకా నిండుగా కనిపిస్తే మీరు విప్పినది గేర్ బాక్స్ ప్లగ్ అని అర్థం. కొత్తవారు తరచూ చేసే పొరపాటే ఇది. అలా జరిగి ఉంటే గేర్ ఆయిల్ మళ్లీ పోసేవరకు బండిని కదిలించకండి.

ఫిల్టర్ సాధారణంగా అరచేతిలో పట్టే రేకు డబ్బాలా, ఇంజిన్ పక్కభాగానికి మరతో బిగించి ఉంటుంది. చిన్న కార్లలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది కాబట్టి, అది రేడియేటర్ వైపు గానీ, వెనుక డ్యాష్‌బోర్డు వైపు గానీ ఉండవచ్చు. వెనుక ఉంటే బానెట్ ఎత్తి చూసినా కనిపించదు, కింద నుంచి టార్చిలైటు వేసి వెతకాలి, కొన్నిటిలో అడుగున ఉన్న ప్లాస్టిక్ కవరు కూడా విప్పాలి. మీ మోడల్‌కు సరిపడే కొత్త ఫిల్టర్‌ను ముందే కొని చేతిలో పట్టుకుని వెతికితే పోల్చుకోవడం తేలిక. డబ్బా ఎక్కడా లేకపోతే, పానా పట్టేలా తలకట్టు ఉన్న నల్లటి ప్లాస్టిక్ మూత కోసం చూడండి. పాత స్విఫ్ట్ డీజిల్‌లోని 1.3 లీటర్ల ఫియట్ ఇంజిన్‌లో ఉన్నట్టు, ఆ మూత లోపల కాగితపు ఫిల్టర్ ఒక్కటే ఉంటుంది.

కేవలం జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎంతమాత్రం దూరకండి, స్టాండ్లు తప్పనిసరి. సైలెన్సర్ గొట్టం దగ్గరగా ఉంటుంది కనుక ఇంజిన్ గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి. ఫిల్టర్‌ను అడుగువైపు నుంచి చూస్తూ గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిప్పాలి. చేతికి లొంగకపోతే పట్టీ పానా వాడండి. స్క్రూడ్రైవర్ పొడిచి తిప్పితే రేకు చిరిగిపోయి, మొదలు ఇంజిన్‌కే ఉండిపోవచ్చు.

ఇక నేను పట్టుబట్టి చెప్పే విషయం పాత రబ్బరు రింగు. అది ఒక్కోసారి ఫిల్టర్‌తో ఊడి రాకుండా ఇంజిన్‌కే అంటుకుపోతుంది. నల్లగా, పలచగా, ఆయిల్ పూసుకుని ఉండడంతో ఇనుములో భాగమే అనిపిస్తుంది. దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రింగులు ఒకదానిపై ఒకటి జారి, ఇంజిన్ తిరుగుతుండగానే ఆయిల్ చిమ్ముకుంటూ పోతుంది. అందుకే గుడ్డతో తుడిచి, వేలితో చుట్టూ తడిమి చూడండి.

కొత్త రింగుకు కొంచెం కొత్త ఆయిల్ రాసి, చేత్తోనే బిగించండి. రింగు తగిలిన తర్వాత సుమారు ముప్పాతిక చుట్టు చాలు, అయితే ఫిల్టర్ మీద ముద్రించిన సూచనకే ప్రాధాన్యం. డ్రెయిన్ ప్లగ్‌కు కొత్త వాషర్ వేయండి. యజమాని మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ ఆయిల్‌ను, చెప్పినంతే పోయండి. ఇంజిన్ స్టార్ట్ చేశాక ఆయిల్ ఎర్రదీపం కొన్ని సెకన్లలో ఆరిపోవాలి; ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఆరితే కొద్ది నిమిషాలు నడిపి, ఆపి, ఆయిల్ కిందికి దిగాక డిప్‌స్టిక్‌తో మట్టం సరిచూడండి. ఆ రాత్రి ఫిల్టర్ కింద అట్టముక్క పరిచి ఉంచితే, చుక్క పడిందో లేదో తెల్లవారేసరికి తెలిసిపోతుంది.