మా అమ్మాయికి అడవి జంతువుల సినిమాలంటే పిచ్చి.. ఏం చదివించాలి?

ప్రశ్న: మాది గుంటూరు. అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ బైపీసీ చదువుతోంది. ఏడేళ్లప్పుడు రెండు కుక్కలు, ఒక పిల్లి కొండలూ వాగులూ దాటుకుని ఇంటికి చేరే ఇంగ్లిష్ సినిమా నేనే చూపించాను. అప్పటి నుంచి తల్లిని పోగొట్టుకున్న ఎలుగుబంటి పిల్ల, మంచులో చిక్కుకున్న కుక్కలు, ఇలాంటివి తప్ప వేరే సినిమా చూడదు. దసరాకి ఇంటికొచ్చి ‘నాకు ఎంబీబీఎస్ వద్దు, జంతువుల సినిమాలు తీస్తాను’ అంది. వాళ్ల నాన్న అవసరమైతే లాంగ్ టర్మ్ కోచింగ్ పెట్టిస్తానంటున్నారు. ఇంట్లో రోజూ గొడవ. ఆ సినిమా చూపించి తప్పు చేశానా?

జవాబు: తప్పేమీ చేయలేదమ్మా. మా ఇంట్లోనూ ఆ సినిమా చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లే అందరూ. మీరు టెన్షన్ పడాల్సింది సినిమా గురించి కాదు, గడువుల గురించి. ఆ సంగతి కింద చెబుతాను.

‘జంతువుల సినిమాలు తీస్తాను’ అనే పిల్లల్లో నాకు రెండు రకాలు కనిపిస్తారు. కొందరికి ఆ జంతువు కావాలి. సినిమా తప్ప దాన్ని చూసే దారి వేరే తెలియదు కాబట్టి సినిమా అంటారు. ఇంకొందరికి కథ చెప్పడం కావాలి, జంతువు దొరికింది కాబట్టి జంతువు గురించి చెబుతామంటారు. బయటికి ఇద్దరూ ఒకేలా ఉంటారు, చదవాల్సిన చదువులు మాత్రం పూర్తిగా వేరు. మీ అమ్మాయి ఏ రకమో నాకు తెలియదు, బహుశా తనకీ ఇంకా తెలియదు.

ఒక సంగతి గుర్తు చేస్తాను. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురంలో నాలుగు పులికూనలు ఊళ్లోకి వచ్చేశాయి. నాలుగూ ఆడపిల్లలే. తల్లి లేదు. మీ అమ్మాయి చూసే సినిమాలు సరిగ్గా ఇలాగే మొదలవుతాయి కదా! అటవీ సిబ్బంది కూనల్ని కుక్కల బారిన పడకుండా కాపాడి, అడవిలో ట్రాప్ కెమెరాలు (జంతువు కదిలితే వాటంతటవే ఫొటో తీసేవి) పెట్టి, అడుగుజాడలు వెతికి తల్లి దగ్గరికి చేర్చాలని రాత్రింబవళ్లు తిరిగారు. సినిమా అయితే చివర్లో తల్లి వచ్చేది. ఇక్కడ రాలేదు. కూనల్ని తిరుపతి జూకి తరలించాల్సి వచ్చింది. ఆ కొద్ది రోజుల్లో ఎంతమంది పని చేశారో లెక్కేయండి: కూనలకి పాలు ఎంత పట్టాలో చెప్పే పశువైద్యులు, పులి ఎటు పోయి ఉంటుందో అంచనా వేసేవాళ్లు, బీట్ ఆఫీసర్లు, రేంజ్ ఆఫీసర్లు, వీటన్నిటి మీదా నిర్ణయం తీసుకునే ఐఎఫ్ఎస్ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్) అధికారులు. దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వ్ నాగార్జునసాగర్–శ్రీశైలం మన పక్కనే ఉంది కాబట్టి ఇవి ఎక్కడో ఉన్న ఉద్యోగాలు కావు.

అదే నెలలో ఇంకొకటి జరిగింది. మనమంతా ‘నాటు నాటు’ కోసం టీవీల ముందు కూర్చున్న ఉదయమే, తమిళనాడు ముదుమలై అడవిలోని ఏనుగుల శిబిరం మీద తీసిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’కి కూడా ఆస్కార్ వచ్చింది. మన హడావుడిలో దాన్ని చాలామంది పట్టించుకోలేదు. దర్శకురాలు కార్తికీ గోన్సాల్వెస్. ముప్పావు గంట కూడా లేని ఆ చిత్రం కోసం ఒక ఏనుగు పిల్ల వెంట ఏళ్ల తరబడి తిరిగారు. ఇది రెండో దారి.

మీ అమ్మాయిది ఏ దారో తెలుసుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటి చెబుతాను. ఈ చలికాలంలో ఔటింగ్ ఇచ్చిన ఆదివారం ఉప్పలపాడు తీసుకెళ్లండి. గుంటూరుకి పది కిలోమీటర్ల లోపే. చెరువులో చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెట్టుకుని ఉంటాయి. ఒక్క గూడు ఎంచుకుని మూడు గంటలు దాన్నే చూడమనండి. ఫోన్‌తో వీడియో తీసుకోనివ్వండి. మీరు పక్కన కూర్చుని పల్లీలు తినండి, మాట్లాడించకండి. ఇంటికొచ్చాక ఏం చూసిందో చెప్పమనండి. పెద్దపిల్ల చిన్నదాని నోటికాడ కూడు ఎలా లాక్కుంది, తల్లి ఎన్నిసార్లు వచ్చింది, ఎందుకలా చేసింది అని అడుగుతుంటే అది సైన్స్ పిల్ల. ‘ముందు ఖాళీ గూడు చూపించాలి, తర్వాత రెక్కల చప్పుడు వినిపించాలి’ అంటే అది సినిమా పిల్ల. గంటకే బోర్ కొట్టి ఫోన్‌లో వేరేవి చూస్తుంటే అదీ సమాచారమే. అడవిలో కెమెరా పట్టుకునేవాళ్ల పనిలో తొంభై పాళ్లు ఇలా కూర్చోవడమేనని తనకి తెలియాలి.

సైన్స్ పిల్లైతే గన్నవరం వెటర్నరీ కాలేజీ మీ ఇంటికి గంటన్నర దూరం. బీవీఎస్సీ కోర్సు ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. అఖిల భారత కోటా 15 శాతం సీట్లకు నీట్ ర్యాంకే ఆధారం కాబట్టి వాళ్ల నాన్నగారి కోచింగ్ డబ్బు వృథా పోదు. రాష్ట్ర సీట్ల కోసం తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ ఈ ఏడాది నోటిఫికేషన్‌ని స్వయంగా చదవండి, పక్కింటివాళ్ల మాట మీద ఆధారపడకండి. ఒక్క హెచ్చరిక: అక్కడ నేర్పేది ఎక్కువగా గేదెలు, ఆవులు, గొర్రెలు, కోళ్ల గురించి. పులి మొహం చూసేది చాలా తర్వాత, అదీ ఎంచుకున్నవాళ్లకే. ఈనలేక అవస్థ పడే గేదెకి భుజం దాకా గ్లవుజు తొడిగి దూడని బయటికి తీసే దృశ్యం చేరే ముందే ఒకసారి చూపించండి. అది చూసి ముఖం తిప్పుకోకపోతే ఆ పిల్లకి ఢోకా లేదు.

వెటర్నరీ రాకపోతే జువాలజీ ఉన్న బీఎస్సీ చాలు. ఆపైన డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ ఉంది. యూపీఎస్సీ వాళ్ల ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకి డిగ్రీలో జువాలజీ ఉన్నా, పశువైద్యం చదివినా అర్హత వస్తుంది.

సినిమా పిల్లైతే ముందు మన ముంగిట్లో ఉన్నదాన్ని చూడండి. 2015లో నాగార్జున యూనివర్సిటీ ఆవరణలో మొదలైన ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ జాతీయ స్థాయి డిజైన్ సంస్థ. అక్కడ నాలుగేళ్ల డిజైన్ డిగ్రీ బీడెస్‌లో కమ్యూనికేషన్ డిజైన్ (బొమ్మలు, దృశ్యాలతో విషయం చెప్పే చదువు) ఉంది. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. నేను మొదట్లో చెప్పిన గడువు ఇదే: ఇంటర్ పరీక్షల కంటే బాగా ముందే దరఖాస్తులు ముగుస్తాయి, ప్రిలిమ్స్ (తొలి దశ ప్రవేశ పరీక్ష) కూడా అయిపోతుంది. మార్చి తర్వాత చూద్దాంలే అనుకుంటే ఏడాది పోతుంది. హైదరాబాద్‌ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో యానిమేషన్, ఫొటోగ్రఫీ బీఎఫ్‌ఏలు ఉన్నాయి. పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో సినిమాటోగ్రఫీ డిగ్రీ తర్వాత చేసేది.

మన దేశంలో పులి, సింహం, చిరుత, ఎలుగు, కోతుల్ని తర్ఫీదు ఇచ్చి ఆడించడం 1998 నుంచి నిషేధం. మిగతా జంతువుల్ని సినిమాలో వాడాలన్నా జంతు సంక్షేమ బోర్డు అనుమతి ఉండాలి. అందుకే ‘ఆర్‌ఆర్‌ఆర్’లో పులి గ్రాఫిక్స్ పులి. అంటే ఇప్పుడు అడవి సినిమాలో సగం పని కంప్యూటర్ ముందే జరుగుతుంది. ‘లైఫ్ ఆఫ్ పై’లో పడవలోని పులి విషయంలో హైదరాబాద్ స్టూడియోలో కూర్చున్న మనవాళ్ల చెయ్యి కూడా ఉంది. ఆ పనికి ఆస్కార్ వచ్చింది, కానీ అవార్డుకి కొద్ది రోజుల ముందే ఆ గ్రాఫిక్స్ చేసిన కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఈ రెండూ కలిపి చెబుతున్నది భయపెట్టడానికి కాదు, ఆ రంగంలో జీతం ఎలా ఉంటుందో ఇంట్లో అందరికీ తెలియాలని.

ఇక బెంజి సర్కిల్ దగ్గరో, బ్రాడీపేటలోనో బోర్డు పెట్టి ‘ఏడాదిలో వీఎఫ్‌ఎక్స్ (సినిమా గ్రాఫిక్స్), నూరు శాతం ఉద్యోగం’ అనే చోట లక్షలు కట్టకండి. నా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయి అలాంటి చోట ఏడాదంతా సాఫ్ట్‌వేర్ బటన్లే నేర్చుకున్నాడు. కుక్క నడిచేటప్పుడు ఏ కాలు ముందు పడుతుందో గీయమంటే గీయలేకపోయాడు. ఇంటర్వ్యూలో అడిగేది అదే.

నన్ను అడిగితే, రెండు ఇష్టాలూ సమానంగా ఉన్న పిల్లకి ముందు జీవశాస్త్రం వైపే మొగ్గమంటాను. ఇరవై రెండేళ్లకి కెమెరా నేర్చుకున్నవాళ్లు బోలెడంత మంది. ఇరవై రెండేళ్లకి జంతుశాస్త్రం మొదలుపెట్టినవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. కాకపోతే ఉప్పలపాడులో రెక్కల చప్పుడు గురించి మాట్లాడితే మాత్రం నా మాట పక్కన పెట్టండి.

వాళ్ల నాన్నగారితో నీట్ రాయించనంటూ గొడవ పడకండి. ఈసారికి నీట్ రాయనివ్వండి, ఎన్‌ఐడీకీ దరఖాస్తు చేయనివ్వండి. రెండో ఏడాది లాంగ్ టర్మ్ అనే మాట మాత్రం ఫలితాలు వచ్చేదాకా ఇంట్లో ఎత్తొద్దని ఆయనకి నా మాటగా చెప్పండి. హాస్టల్లో ఎలాగూ సినిమాలు ఉండవు కాబట్టి సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఒకటి చూడనివ్వండి. ఈసారి మీరూ పక్కన కూర్చుని, ఆ పిల్ల ఎక్కడ పాజ్ చేస్తుందో చూడండి.